ఇనుము నెత్తుటి సొత్తు కాదు

వికారాబాదు కొండవాలు మొదలుకొని తాండూరు నాపరాతి గనుల వరకును గల పల్లెలలో ఏ ఇల్లాలైనను కాళ్లీడ్చుకొనుచు, నాలుగడుగులకే ఆయాసపడుచు, పని సాగుట లేదని చెప్పుకొన్నచో, విన్నవారు వెంటనే పలుకు మాట "ఒంట్ల నెత్తురు లేదు" అనునదియే. ఆరోగ్య కేంద్రమున వ్రేలికొన పొడిచి హీమోగ్లోబినును కొలుతురు. డెసిలీటరునకు 12 గ్రాములకు తగ్గినచో ఇనుప బిళ్లలు చేతబెట్టుదురు. 12 దాటినచో ఆమెకు ఇనుపలోప మేమియు లేదని తేల్చి పంపివేయుదురు. ఈ ఆచారమునకు మూలముగా ఒక సిద్ధాంతము నిలిచియున్నది: ఇనుమున్నది రక్తము కొరకు, రక్తమున్నది ప్రాణవాయువును మోయుటకు, అంతటితో ఇనుము కథ ముగిసినది. దీనికి తోడుగా బడి పుస్తకములు మరియొక సిద్ధాంతమును పిల్లల మనస్సులలో నాటుచున్నవి: కణములోని మైటోకాండ్రియా శక్త్యాగారములు, ఆహారమును దహించి శక్తి నిచ్చుటయే వాని పని, అంతటితో వాని కథయు ముగిసినది. ఒకటి వైద్యుని గదిలో, రెండవది జీవశాస్త్రపు తరగతిలో, ఒకదాని ముఖ మొకటి చూడక పెరిగిన ఈ రెండు సిద్ధాంతములును అర్ధసత్యములే. రెంటిని కలిపి నమ్మినప్పుడు అవి నిండు అసత్యమై, సత్తువ చచ్చిన మనిషికి జబ్బేమియు లేదని చెప్పునంత కాఠిన్యమునకు దారితీయుచున్నవి. ఈ వ్యాసమున నేను ఖండింపబూనినది ఆ అసత్యమును.

మొదటనే ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. నేను ఇనుప బిళ్లలకు విరోధిని గాను. 1970లో కేంద్ర ప్రభుత్వము రక్తహీనతా నివారణ కార్యక్రమము నారంభించిన నాటినుండి 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ వరకును సాగిన బిళ్లల పంపిణీ మహోపకారమే. ఆశా కార్యకర్త యిచ్చిన బిళ్లను ఏ గర్భిణియు మానరాదు. కాని 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలయందు 53 శాతముగా నున్న రక్తహీనత, 2019–21 సర్వే నాటికి 57 శాతమునకు చేరినది. అర్ధశతాబ్ద ప్రయత్నమునకు పిమ్మట అంకె తగ్గుటకు మారుగా పెరిగినప్పుడు, బిళ్లలు మ్రింగనివారిదే తప్పని తీర్మానించుట సులభము. మన మూలసిద్ధాంతమే కురుచయైనదేమో యని తరచి చూచుట కష్టము. ఆ కష్టమైన పనియే ఇప్పుడు చేయవలసినది.

ఇనుము రక్తమునకే యని వాదించువారు అన్నిటికంటె ముందు సమాధానము చెప్పవలసిన పరిశోధన యొకటి 1976లో వెలువడినది. అమెరికాలో సియాటిల్ నగరమున క్లెమెంట్ ఫించ్, ఆయన సహచరులు, ఇనుము లేని తిండిపై పెంచిన ఎలుకలను పరుగు పరీక్షకు పెట్టిరి. రక్తహీనత వలననే అవి పరుగెత్తలేకున్నవేమో యను శంకకు తావులేకుండ రక్తమార్పిడి చేసి, వాని హీమోగ్లోబినును ఆరోగ్యముగానున్న ఎలుకల హీమోగ్లోబినుతో సమానము చేసిరి. రక్తము సమానమైనది, పరుగు సమానము కాలేదు. ఆ ఎలుకలు మునుపటివలెనే చతికిలబడినవి. తరువాత వాని దేహమునకు ఇనుము నెక్కించగా కొలది దినములలో పరుగు తిరిగివచ్చినది. లోపము నాళములలో గాక కండరకణములలో, అందునను మైటోకాండ్రియాలోని దహనక్రియలో నున్నదని వారు నిరూపించిరి. ఎలుకల మాట మనుష్యులకు చెల్లదందురా? హృదయ వైఫల్యముతో బాధపడుచు ఇనుపలోపము గల రోగులకు సిరద్వారా ఇనుము నెక్కించిన ఫెయిర్-హెచ్ఎఫ్ పరీక్షయొక్క ఫలితములు 2009లో వెలువడినవి. రక్తహీనత ఉన్నవారికే గాక లేనివారికిని అందు ఉపశమనము కలిగినది. కారణము తెలియని అలసటతో నున్న, రక్తహీనత లేని స్త్రీలకు ఇనుము నిచ్చి చూచిన పరీక్షలు 2003లో స్విట్జర్లాండునుండియు 2012లో ఫ్రాన్సునుండియు వెలువడినవి. మందులేని బిళ్లలు మ్రింగినవారికంటె ఇనుము మ్రింగినవారి అలసట ఎక్కువగా తగ్గినదని అవి తెలిపినవి. నెత్తురు నిండుగా నున్నను కణము ఆకలిగొని యుండవచ్చుననుటకు ఇంతకుమించిన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

ఇట్లేల జరుగునో కణములోనికి చూచినవారికి వెంటనే బోధపడును. కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ 1925లో సైటోక్రోములను వర్ణించిన నాడే, కీటకముల రెక్కల కండరము మొదలు ఈస్టు వరకును శ్వాస యనునది హీము అను ఇనుప వర్ణకము చేయు పనియని తేటతెల్లమైనది. శ్వాసక్రియలోని ఇనుప ఎంజైమును గూర్చిన కృషికే 1931లో ఓటో వార్‌బర్గ్‌కు నోబెల్ బహుమానము లభించినది. ఆహారమునుండి విడివడిన ఎలక్ట్రాను ఆమ్లజనిని చేరులోపల నడచు బాట యావత్తు లోహముతో నిర్మితమైనది. మన మైటోకాండ్రియాలోని శ్వాస శృంఖలమునందు మొదటి సముదాయములో ఇనుము–గంధకపు గుచ్ఛములు ఎనిమిది. రెండవదానిలో మూడు, వానితో ఒక హీము. మూడవదానిలో ఒక గుచ్ఛము, మూడు హీములు. ఆమ్లజనిని నీరుగా మార్చు నాలుగవదానిలో రెండు హీములు, మూడు రాగి పరమాణువులు. ఎలక్ట్రానుల ఈ ప్రవాహబలముతోనే ప్రోటానులు పొర కావలికి నెట్టబడుచుండగా, పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినట్లు, అవి తిరిగి వచ్చునప్పటి ఒత్తిడి, కణము వాడుకొను శక్తిరూపమైన ఏటీపీని పుట్టించుచున్నది. ఆ క్రమమున అప్పుడప్పుడు దారితప్పిన ఎలక్ట్రాను వలన పుట్టు విషరూపపు ఆమ్లజనిని అణచు ఎంజైమునకు మాంగనీసు కావలెను. ఎంత దహింపవలెనో తెలుపు సంకేతము కాల్షియము. పుట్టిన ఏటీపీ సైతము మెగ్నీషియముతో జతకట్టి గాని పనిచేయదు. కావున శక్తి యొకటి, లోహము వేరొకటి యని విడదీసి లెక్కకట్టుట కణము ఎరుగని పద్ధతి.

ఇంతవరకును శక్త్యాగార సిద్ధాంతవాదులు నాతో ఏకీభవింపవచ్చును. లోహములు శక్త్యాగారపు యంత్రభాగములే కదా, అంతమాత్రమున మా సిద్ధాంతమునకు వచ్చిన లోటేమి యని అడుగవచ్చును. లోటు పెద్దదే. మైటోకాండ్రియాయందు ఏ కణమును వదులుకొనలేని పని శక్త్యుత్పాదనము కాదు. పిండిని పులియబెట్టు ఈస్టు శ్వాసక్రియ లేకున్నను పులియబెట్టుట చేతనే బ్రతుకగలదు. కాని ఇనుము–గంధకపు గుచ్ఛములను కూర్చు ముఖ్య జన్యువులను దానినుండి తొలగించినచో బ్రతుకజాలదు. జర్మనీలో రోలండ్ లిల్, ఆయన సహచరులు దశాబ్దముల తరబడి చేసిన కృషి వలన స్థిరపడిన సత్యమిది. మురికినీటిద్వారా పిల్లల ప్రేవులలో చేరి విరేచనములు కలిగించు జియార్డియా యను పరాన్నజీవి సాక్ష్యము ఇంకను బలమైనది. అది ప్రాణవాయువు లేనిచోట బ్రతుకును గనుక దానికి శ్వాస శృంఖలము లేదు. ఒకప్పుడు దానికి మైటోకాండ్రియాయే లేదని భావించిరి. 2003లో దాని కణమున మైటోకాండ్రియాయొక్క అవశేషములు, మిటోసోములను సూక్ష్మాంగములు, బయల్పడినవి. అవి ఏటీపీని ఇసుమంతయు పుట్టింపవు. మరి యుగయుగముల పరిణామములో శక్తి పని వదలిపెట్టినను ఆ అంగమును ఆ జీవి ఎందుకు దాచుకొన్నది? గుచ్ఛములను కూర్చుటకు! కమ్మరి వీధిదీపము నార్పివేసి యుండవచ్చును గాని కొలిమి నార్పలేదు.

ఇందుకు విరుద్ధముగా మోనోసెర్కొమొనాయిడీసు అను ఏకకణజీవిని ఎత్తిచూపువారు కలరు. 2016లో దానియందు మైటోకాండ్రియా జాడయే లేదని తేలినది. అది నా వాదమును కూల్చదు సరికదా, దృఢపరచుచున్నది. ఏలయనగా ఆ జీవి ఎన్నడో బ్యాక్టీరియానుండి గుచ్ఛములను కూర్చు వేరొక యంత్రాంగమును గ్రహించి, దానిని కణద్రవ్యములో నిలుపుకొన్న పిమ్మటనే మైటోకాండ్రియాను వదలుకొనగలిగినది. లోహపు పనికి ప్రత్యామ్నాయము దొరకువరకు ఆ అంగము నిలిచినది. దొరికిన పిమ్మటనే పోయినది.

ఈ గుచ్ఛములు మైటోకాండ్రియా గోడలలోపలనే పడియుండుట లేదు. ఆ కూర్పు పనిపై ఆధారపడియే కేంద్రకములోని డీఎన్‌ఏను నకలు తీయు పాలిమరేజులు, దెబ్బతిన్న భాగములను బాగుచేయు హెలికేజులు తమ గుచ్ఛములను పొందుచున్నవి. కణద్రవ్యములో ఒక మాంసకృత్తు కలదు: గుచ్ఛము దానియందున్నంతకాలము అది ఎకోనిటేజు అను ఎంజైమై తన పని తాను చేసికొనుచుండును, గుచ్ఛము కరవైనచో అదియే ఇనుప నియంత్రకముగా మారి, ఇనుమును లోనికి తెచ్చు గ్రాహకముల తయారీని పెంచి, దాచు మాంసకృత్తు తయారీని ఆపును. అనగా తనకు ఇనుము చాలునా చాలదా యను విషయమును కణము తెలిసికొనునది మైటోకాండ్రియా కొలిచి ఇచ్చిన లెక్కను బట్టియే. ఇంతటి కార్యభారమును వహించు అంగమును కేవల దహనశాలగా పిల్లలకు పరిచయము చేయుట వారి బుద్ధికి చేయు అన్యాయము.

ఇప్పుడు వికారాబాదునకు వత్తము. మూసీ జన్మస్థానమైన అనంతగిరి కొండలలో నిజాము కాలమున క్షయ చికిత్సాలయము వెలసినది. ఔషధములు లేని రోజులలో గాలి, వెలుతురు, విశ్రాంతియే అచ్చటి వైద్యము. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చి క్షయ చికిత్స స్వరూపమునే మార్చివేసినది. ఆ దివ్యౌషధము కొందరిలో బి6 విటమినును నిర్వీర్యము చేయును; అందుచేతనే నరముల తిమ్మిరి రాకుండ దానికి జతగా బి6 నిత్తురు. కాని నరములతోనే ముగియదు. హీము నిర్మాణమున ఎనిమిది మెట్లు కలవు. మొదటిదియు చివరి మూడును మైటోకాండ్రియాలోనే జరుగును. ఆ మొదటి మెట్టునకు బి6 లేనిదే గడవదు. బి6 కొరవడినప్పుడు ఎముక మూలుగలోని కణములకు ఇనుము పుష్కలముగా అందుచునే యుండును, కాని దానిని కూర్చుటకు హీము చట్రము సిద్ధముగా నుండదు. అట్టి ఇనుము మైటోకాండ్రియాలో పేరుకొని, సూక్ష్మదర్శిని క్రింద కేంద్రకము చుట్టును నీలపు వలయముగా కనబడును. సిడరోబ్లాస్టిక్ రక్తహీనత యని దీనికి పేరు. రోగికి రక్తము తక్కువ, ఇనుము ఎక్కువ! ఇనుపలోపమే రక్తహీనత యను సూత్రమును నమ్మినవాడు ఈ రోగికి మరల ఇనుప బిళ్లలే యిచ్చి కీడు చేయును. మైటోకాండ్రియాను స్మరించినవాడు చవుకైన బి6 బిళ్లతో మేలు చేయును.

క్షయయందలి రక్తహీనత సాధారణముగా ఇంతకన్న వేరు మార్గమున వచ్చును. అంటురోగము సోకినంతనే కాలేయము హెప్సిడిన్ అను హార్మోనును విడుదల చేసి, ప్రేవులనుండి వచ్చు ఇనుమును అరికట్టి, ఉన్న ఇనుమును మాక్రోఫేజులను రక్షక కణములలో దాచివేయును. ఇది దేహముయొక్క మూర్ఖత్వము కాదు. క్షయ క్రిమికి సైతము బ్రతుకుటకు ఇనుము కావలెను, మైకోబాక్టిన్ అను పదార్థమును స్రవించి అది ఇనుమును కాజేయజూచుచుండును. పందొమ్మిదవ శతాబ్దమున ట్రూసో అను ఫ్రెంచి వైద్యుడు క్షయరోగులకు ఇనుము నిచ్చుటయందు అపాయము కలదని హెచ్చరించెను. ఇనుము ఉండియు అందకుండుట క్షయకే పరిమితము కాదు. ఫ్రీడ్రైక్ అటాక్సియా యను వంశపారంపర్యపు జబ్బులో, 1996లో గుర్తింపబడిన ఫ్రాటాక్సిన్ జన్యువు చెడుట వలన గుచ్ఛముల కూర్పు కుంటుపడి, మైటోకాండ్రియాలో ఇనుము కుప్పపడుచుండగా మిగిలిన కణము ఇనుము లేక అలమటించును. ఉండుట వేరు, అందుట వేరు. ఒక్క హీమోగ్లోబిను అంకె ఈ తేడాను చెప్పజాలదు.

ఇనుమొక్కటే చాలునను నమ్మకము 1928లోనే కూలవలసినది. ఆ యేట విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హార్ట్, స్టీన్‌బాక్, ఎల్వెహెమ్ ప్రభృతులు, పాలపై మాత్రమే పెంచిన ఎలుకల రక్తహీనత శుద్ధమైన ఇనుముతో నయము కాక, రవంత రాగిని చేర్చగానే నయమగుట చూపిరి. నిల్వలనుండి ఇనుము రక్తములోనికి సాగుటకు రాగి గల సెరులోప్లాస్మిన్ అను మాంసకృత్తు తోడ్పడవలెను. శ్వాస శృంఖలపు చివరి సముదాయము రాగి లేనిదే నిలువదు. జొన్నరొట్టె తిను మన ప్రాంతమునకు దీని సంబంధము దగ్గరిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన దేవస్థలే, గోపాలన్‌లు 1974లో ప్రకటించిన పరిశోధనలో, మాలిబ్డినము హెచ్చుగా గల జొన్నను తిన్నవారి మూత్రమున రాగి అధికముగా పోవుచున్నదని తేలినది. నేల క్షారగుణము పెరిగినకొలది మాలిబ్డినము మొక్కకు సులభముగా అందును. నేలలోని ఒక లోహము కంకిలో చేరి, దేహములోని మరియొక లోహమును వెళ్లగొట్టుట సాధ్యమని మన హైదరాబాదులోనే, అర్ధశతాబ్దము క్రిందటనే, తేలియుండగా, మన రక్తహీనతా చర్చలలో రాగి ప్రసక్తియే రాకుండుట శోచనీయము.

తాండూరు కంది సంగతి ఇంకను ముచ్చటైనది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పంటను పండించు రైతు, ఏపుగా నున్న మొక్కను పెరికి వేరు బుడిపెను గోటితో చీల్చినచో, లోపల కనబడు గులాబివన్నె హీముదే. మొక్కకు నెత్తురు లేదు. అయినను దాని వేరున లెగ్‌హీమోగ్లోబిను కలదు, అది బుడిపెలోని బ్యాక్టీరియాకు శ్వాసించుటకు తగినంత ప్రాణవాయువును మాత్రమే మితముగా అందించుచుండును. ఆ బ్యాక్టీరియాలోని నైట్రోజనేజు, ఇనుమును మాలిబ్డినమును హృదయమునందు నిలుపుకొన్న ఎంజైము, ఒక్క నత్రజని అణువును చీల్చుటకు 16 ఏటీపీలను వెచ్చించును. లోహమును శక్తిని ఇంత ప్రత్యక్షముగా ముడివేసి చూపు దృష్టాంతము వేరొకటి నాకు తోచదు. నేల విషయమును చూడుడు. సున్నము మిక్కుటమైన నేలలో ఇనుమునకు కొదువ యుండదు. కాని అది కరగని రూపమున నుండుటచే మొక్క ఆకులు పాలిపోవును. మట్టిపరీక్షలో మొత్తము ఇనుమును చూచి మొక్కకు లోపము లేదనుట ఎంత పొరపాటో ఏ వ్యవసాయాధికారి నడిగినను చెప్పును. ఎర్ర చెలకలలో భాస్వరము ఇనుముతో బంధితమై యుండగా, కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లమును స్రవించి ఆ ఇనుమును పట్టి భాస్వరమును విడిపించుకొనునని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిరి. ఆ భాస్వరమే కదా ఏటీపీలోని ప్రాణము. కంది వేరు ఎరిగిన ఈ లోహశాస్త్రమును మన బడి పుస్తకము ఎరుగకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

ఏటీపీ మాట వచ్చినది గనుక యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుడు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని కండరమునుండి వెలికితీసెను. ఏటీపీని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ స్వతంత్రముగా కనుగొనెను. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. నేడు మన గర్భిణులు మ్రింగు బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము ప్రక్కన నున్న 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఆ కృషి ఫలమే. శక్తిని అధ్యయనము చేసిన చేతులే రక్తహీనతను అధ్యయనము చేసినవి. ఆయన బుద్ధిలో ఈ రెంటి నడుమ గోడ లేదు. ఆయనను తెలుగుజాతి రత్నమని కొనియాడు మనము, ఆయన కృషిలోని రెండు భాగములను రెండు వేర్వేరు పాఠములుగా చించివేసితిమి.

ప్రజారోగ్యమునకు సులభ సందేశము కావలెను, గుచ్ఛములు, హెప్సిడిన్ అని చెప్పినచో పల్లెవారికి అర్థము కాదని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. పల్లెవారి బుద్ధిని గూర్చిన ఈ తక్కువ అంచనాను నేను అంగీకరింపను. నాపరాయిలో ఏ పొర పగులునో, ఏ పొర నిలుచునో చేతి స్పర్శతో చెప్పగల తాండూరు రాతిపనివానికి, ఏ చెలకలో ఏ పైరు పాలిపోవునో ఎరిగిన రైతుకు, "ఇనుము నెత్తురుకే కాదు, కండకును, గుండెకును, మెదడుకును కావలెను, నెత్తురు చాలినను కండకు చాలకపోవచ్చును" అను మాట అర్థము కాకపోదు. సందేశము సులభముగా నుండవలెను, నిజమే. సులభమైనంత మాత్రమున తప్పుగా నుండనక్కరలేదు.

కావున తొమ్మిదవ తరగతి పిల్లవానికి మైటోకాండ్రియాను పరిచయము చేయునప్పుడు, ఇనుమును గంధకముతో కూర్చునదియు, హీమును ముగించునదియు, ఆ లోహములతో శ్వాసించి ఏటీపీని పుట్టించునదియు అని ఈ క్రమముననే చెప్పవలెను. తాండూరు ప్రాంతపు బడిలో అందుకు ఖరీదైన పరికరము లక్కరలేదు, ఒక కంది వేరు చాలును. వైద్యమున చేయవలసినది ఇంకను త్వరపడి చేయవలెను. అలసట వీడని స్త్రీకి హీమోగ్లోబినుతో పాటు, ఇనుమును దాచు మాంసకృత్తైన ఫెరిటినును జిల్లా స్థాయిలోనైనను కొలువవలెను. దీర్ఘజ్వరము, దగ్గు, క్షయ చికిత్స ఉన్నవేమో అడిగి తెలిసికొనవలెను. క్షయ మందులు వాడుచున్నవారికి బి6 అందుచున్నదో లేదో చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, పెద్దలలో ఫెరిటిన్ లీటరునకు 15 మైక్రోగ్రాములకు తగ్గినచో ఇనుపలోపమని గుర్తింపవలెను. అంటురోగము గాని శోథ గాని ఉన్నచోట ఫెరిటిన్ తనంతట తానే పెరుగును గనుక అట్టివారి విషయమున ఆ హద్దును 70గా తీసికొనవలెను. హీమోగ్లోబిను 12 దాటినదని పంపివేయబడుచున్నవారిలో ఈ హద్దులకు దిగువనున్నవారు ఎందరున్నారో వికారాబాదు జిల్లాలో ముందుగా లెక్క తీయవలెను, ఆ లెక్క తేలువరకు వారికి ఇనుపలోపము లేదని చెప్పు అధికారము ఎవరికిని లేదు.